కాలాపానీకి వెళ్ళిన మనవాళ్ళు

రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో స్థిరపడిన మన పింఛనుదారుల నోట ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతున్నది. "కాశీ అయింది, చార్‌ధామ్ అయింది, ఇక అండమాన్ ఒకటి చూసి వస్తే చాలు" అని. కొడుకులూ కూతుళ్ళూ హైటెక్ సిటీ కంపెనీలలో ఉద్యోగాలు చేస్తున్నారు, విమానం టిక్కెట్లు వాళ్ళే కొని చేతిలో పెడుతున్నారు. శంషాబాదులో ఎక్కితే దారిలో విమానం మారినా సరే, ఉదయం ఇంట్లో కాఫీ తాగి బయలుదేరినవారు సాయంత్రానికి సముద్రపు ఒడ్డున కూర్చోవచ్చు. గత శీతాకాలంలో మేం తొమ్మిదిమంది పాత మిత్రులం అలాగే వెళ్ళి వచ్చాం. ప్రత్యేక సంచికకు ఆ విహారయాత్ర విశేషాలు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. అయితే నీలి సముద్రం గురించీ, తెల్లని ఇసుక గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. ఆ దీవులకు మనకంటే ముందు, టిక్కెట్టు లేకుండా, తిరుగు ప్రయాణం లేకుండా వెళ్ళిన మన ప్రాంతం వారి సంగతి రాస్తే బాగుంటుందని నాకు తోచింది. అక్కడి గైడు మాకు ఈ సంగతులేవీ చెప్పలేదు. అతని తప్పు కూడా కాదు, మనమే మన పిల్లలకు చెప్పుకోలేదు.

పూర్వం కోస్తా తెలుగువారికి సముద్రం మీద రెండు దార్లు తెలుసు. ఒకటి రంగూన్ దారి. కోరంగి నుంచి, కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి వేలాదిమంది కూలికి, వ్యాపారానికి ఓడలెక్కి వెళ్ళారు. బర్మాలో తెలుగువాడిని 'కోరంగీ' అనే పిలిచేవారు. ఆ దారిన వెళ్ళినవాడు నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి వస్తాడని ఇంట్లో ఆశ ఉండేది. రెండవది ద్వీపాంతరం. ఆ మాట అంటే చాలు, ఇంట్లో బతికుండగానే దినం పెట్టినంత పని. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం ఒకటి, మనిషి మళ్ళీ కనబడడన్న భయం మరొకటి. కాలాపానీ అన్న పేరు అలా స్థిరపడింది.

అండమాన్‌లో బ్రిటిష్ వారు మొదట 1789లోనే ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ అధికారి చేత ఒక వలస పెట్టించారు. జ్వరాలకు తట్టుకోలేక 1796లో ఎత్తివేశారు. 1857 తిరుగుబాటు తరువాత వేలకొద్దీ ఖైదీలను ఎక్కడ ఉంచాలో తోచక ఆ దీవులు మళ్ళీ గుర్తుకొచ్చాయి. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. అప్పటికి జైలూ లేదు, గోడా లేదు. చుట్టూ సముద్రం, లోపల అడవి. చెట్లు కొట్టి నేల చదును చేయడమే శిక్ష. కొందరు పారిపోయారు. పట్టుబడి తిరిగివచ్చిన వారిలో ఎనభైమందికి పైగా వాకర్ ఉరి తీయించాడు. ఇదంతా మొదటి మూడు నెలల్లోనే.

మన హైదరాబాదు మనిషి ఆ దీవులకు చేరింది ఈ కాలంలోనే.

కోఠీ రెసిడెన్సీ భవనం తెలియని హైదరాబాదీ ఉండడు. మన సభ్యుల భార్యలు, కూతుళ్ళు ఎందరో ఆ ఉమెన్స్ కాలేజీలో చదువుకున్నవారే. 1857 జూలై 17 సాయంత్రం ఆ భవనం మీద దాడి జరిగింది. కారణం చిన్నదిగా మొదలయింది. బుల్డానాలో కంపెనీ కొలువు వదిలేసి వచ్చిన జమేదారు చీదాఖాన్‌ను, అతని వెంట వచ్చిన సిపాయిలను దివాన్ సాలార్‌జంగ్ పట్టించి రెసిడెంటు డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. ఆ వార్త విని నగరం అట్టుడికిపోయింది. మక్కా మసీదు దగ్గర జనం చేరారు. వారిని విడిపించాలని రోహిల్లా యోధుడు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడవగా సుమారు 500 మంది రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. పుత్లీబౌలీ వైపున రెసిడెన్సీకి ఎదురుగా ఇద్దరు షావుకార్ల ఇళ్ళున్నాయి, ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, రెండవది జైగోపాల్ దాస్‌ది. వాటిలో చొరబడి రాత్రంతా కాల్పులు జరిపారు. అవతల ఫిరంగులు ఉన్నాయి, ఇవతల తుపాకులు, కత్తులు. తెల్లవారేసరికి అంతా అయిపోయింది.

తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. ఆయనకు పడింది కూడా ద్వీపాంతర శిక్షే. కాని 1859 జనవరిలో కాపలావారి కన్నుగప్పి తప్పించుకున్నాడు. 5000 రూపాయల బహుమతి ప్రకటించారు. తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి నగరంలో జనం చూడటానికి వేలాడగట్టారు. మౌల్వీ గారు కొంతకాలం తప్పించుకు తిరిగి చివరకు దొరికిపోయారు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేసి 1859లో అండమాన్‌కు పంపారు. ఆయన తిరిగి రాలేదు. ఆ దీవులలోనే కన్నుమూశారు. ఉత్తరాది నుంచి ఫజ్లే హఖ్ ఖైరాబాదీ అనే గొప్ప పండితుడిని కూడా అదే రోజుల్లో పంపారు. ఆయన 1861లో అక్కడే మరణించారు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మౌల్వీ అల్లావుద్దీన్ సెల్యులర్ జైలులో ఉన్నారని మనవైపు సభల్లో తరచుగా చెబుతుంటారు. ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. మౌల్వీ గారి నాటికి అక్కడ ఉన్నవి తాటాకు పాకలు, కాళ్ళకు ఇనుప గొలుసులు. జైలు లేనందువల్ల శిక్ష తేలికయిందని ఎవరూ అనుకోనక్కరలేదు. వాన, జలగలు, మన్యం జ్వరం, పైన తుపాకీ కాపలా. నాలుగు గోడలుంటే కనీసం వాన పడదు కదా అని మా బృందంలో ఒక మిత్రుడన్నాడు. ఆయన ఉద్యోగం చేసిందంతా ఇంజనీరింగు శాఖలో!

మేము రాస్ దీవికీ, వైపర్ దీవికీ కూడా వెళ్ళాం. రాస్ దీవి తొలినాళ్ళ నుంచి 1941 దాకా దొరల రాజధాని. క్లబ్బు, చర్చి, టెన్నిస్ కోర్టు అన్నీ ఉండేవి. ఇప్పుడు మొండి గోడలను మర్రి వేళ్ళు చుట్టుకుని ఉన్నాయి, మధ్యలో జింకలు తిరుగుతున్నాయి. 2018లో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అని పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్‌కు కూడా 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చదివేవారి సౌకర్యం కోసం ఈ వ్యాసంలో పాత పేర్లే వాడుతున్నాను. వైపర్ దీవి మీద ఒక చిన్న గుట్ట, దానిపైన ఎర్ర ఇటుకల ఉరికొట్టం. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయోను హోప్‌టౌన్ రేవులో కత్తితో పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీని ఒక నెల తిరిగిన కొద్ది రోజులకే, మార్చి 11న, అక్కడ ఉరి తీశారు. భారతదేశపు వైస్రాయిలలో పదవిలో ఉండగా హత్యకు గురైనవాడు మేయో ఒక్కడే. మోకాళ్ళ నొప్పులున్న మిత్రులు ఆ గుట్ట ఎక్కకుండా పడవ దగ్గరే కూర్చుండిపోయారు. మెట్లు నిటారుగా ఉంటాయి, రాబోయేవారు గమనించగలరు.

సెల్యులర్ జైలు సంగతి చాలామందికి తెలిసినదే కాబట్టి ఎక్కువ రాయను. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లాగా మూడంతస్తుల ఏడు వరుసలు, మొత్తం సుమారు 690 గదులు. ఒక్కొక్క గది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. ఒక వరుస ముఖం పక్క వరుస వీపు వైపు ఉండేటట్లు కట్టారు. అందువల్ల ఒక ఖైదీకి మరొక ఖైదీ ముఖం కనబడదు. జైలు పేరు కూడా ఆ గదులను బట్టి వచ్చిందే. కొబ్బరి నూనె గానుగకు ఎద్దు బదులు మనిషిని కట్టేవారు, రోజుకు 30 పౌన్ల నూనె తీయాలి. తీయకపోతే కొరడా. ఏడు వరుసల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. తక్కినవి భూకంపానికీ, జపానువారి కాలంలోనూ, ఆ తరువాతా పోయాయి. ఆ స్థలంలో 1963లో గోవింద వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలసింది. మిగిలిన భాగాన్ని 1979 ఫిబ్రవరి 11న నాటి ప్రధాని మొరార్జీ దేశాయ్ జాతీయ స్మారకంగా అంకితం చేశారు. అంతకుముందే మొత్తం పడగొట్టేస్తే ఏమయ్యేదని అడిగేవారికి జవాబు ఒకటే, అక్కడ బతికి బయటపడ్డ ఖైదీలు కూల్చవద్దని పట్టుబట్టారు కాబట్టి ఆ మూడు వరుసలయినా నిలిచాయి. విశ్రాంత జీవులు పట్టుదలతో సాధించినవాటిలో దీన్ని కూడా చేర్చుకోవచ్చు.

బురుజులో పాలరాతి ఫలకాల మీద రాజకీయ ఖైదీల పేర్లు రాష్ట్రాల వారీగా చెక్కారు. మా గైడు బెంగాలు, పంజాబు పేర్లు చదివి, సావర్కర్ గదికి తీసుకువెళ్ళాడు. మేం అడిగితే తెలుగువారు కూడా ఉన్నారటండీ అని ఊరుకున్నాడు. ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురి గురించయినా మనం చెప్పుకోవాలి.

గూడెం మన్యంలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత పోడు వ్యవసాయానికి ఆంక్షలు వచ్చాయి. వంట చెరకుకూ, మేతకూ అడవిలోకి వెళ్ళడం నేరమయింది. ఆ మీదట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయించడం మొదలుపెట్టి, మన్యం వాళ్ళను బలవంతంగా పనిలోకి దింపాడు. కూలి సరిగా ఇచ్చేవాడు కాడు. అడిగినవాడికి దెబ్బలు. భట్టిపనుకుల గ్రామాధికారి గాం గంతందొర ఆ బాస్టియన్ చేతిలో భూమి పోగొట్టుకున్నవాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి చేసినప్పుడు ఈ అన్నదమ్ములు ఆయన వెంట ఉన్నారు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. తుపాకులు తీసుకువెళుతూ ఎన్ని తీసుకున్నదీ రాసి ఇచ్చి వెళ్ళారన్నది అందరికీ తెలిసిన కథే. మన ఖజానా శాఖ మిత్రులకు ఆ పద్ధతి నచ్చుతుంది.

మలబారు నుంచీ, అస్సాం నుంచీ సాయుధ దళాలను దించితే గాని తిరుగుబాటు అణగలేదు. మల్లుదొర 1923లోనే పట్టుబడ్డాడు. సీతారామరాజును 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. గంతందొర ఆ తరువాత నెలలో పోలీసుల కాల్పుల్లో మరణించాడు. మల్లుదొరను అండమాన్‌కు పంపారు.

ఒక్కసారి ఆలోచించండి. మన్యం కొండల్లో పుట్టినవాడు, సముద్రం ఎరుగడు. ఉప్పు కోసమో సంత కోసమో కొండ దిగడమే పెద్ద ప్రయాణం. అలాంటి మనిషిని గొలుసులతో ఓడ అడుగున పడవేసి రోజుల తరబడి నీటి మీద తీసుకుపోయారు. దిగిన తరువాత చుట్టూ మళ్ళీ అడవే, కాని అది తన అడవి కాదు. అక్కడ భాష తెలియదు, ఉత్తరం రాసేందుకు అక్షరం తెలిసినవారు ఇంటి దగ్గర ఎందరున్నారు? అన్న పోయాడు, నాయకుడు పోయాడు. విడుదల ఎప్పుడన్నది చెప్పేవాడు లేడు.

1937లో ఆయన విడుదలయ్యాడు. అప్పటికి మన దేశంలో రాష్ట్రాల మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. అండమాన్‌లో రాజకీయ ఖైదీలు 1933లో ఒకసారి, 1937లో మరొకసారి పెద్ద ఎత్తున నిరాహారదీక్ష చేశారు. మొదటి దీక్షలో బలవంతంగా పాలు పోయించడం వల్ల మహావీర్ సింగ్ వంటి వారు చనిపోయారు. రెండవ దీక్ష విరమించమని గాంధీజీ, రవీంద్రనాథ్ ఠాకూర్ తంతులు పంపారు. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి తీసుకువచ్చేశారు. 1933 కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి గారు కూడా అండమాన్ చూసి వచ్చినవారే.

మల్లుదొర కథ అక్కడితో ఆగలేదు. 1952లో స్వతంత్ర భారతదేశపు తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. విశాఖపట్నం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానానికి చదువుకున్న మేధావి డాక్టర్ లంకా సుందరం, రెండవ స్థానానికి గాం మల్లుదొర, ఇద్దరూ స్వతంత్ర అభ్యర్థులుగానే గెలిచారు. ద్వీపాంతరం నుంచి తిరిగి వచ్చిన గిరిజనుడు ఢిల్లీలో లోక్‌సభలో కూర్చున్నాడు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉండవలసింది. మా మనుమడు చదివే పుస్తకాల్లో వెతికాను, కనబడలేదు.

మా యాత్రలో బారాటాంగ్ ప్రయాణం కూడా ఉన్నది. సున్నపురాయి గుహలకని తెల్లవారుజామున మూడు గంటలకే లేపుతారు. ఆ దారి, అంటే అండమాన్ ట్రంకు రోడ్డు, జరావాల అడవి మధ్య నుంచి పోతుంది. జరావాలు కొన్ని వందలమంది మాత్రమే మిగిలిన ఆదివాసులు. రోడ్డు వచ్చాక వారికి మన జబ్బులు, మన తిండి, మన కెమెరాలు అంటుకున్నాయి. ఆ భాగంలో రోడ్డు మూసివేయమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. బండ్లు ఇప్పటికీ వరుసకట్టి పోతూనే ఉన్నాయి. గుహలకని చెప్పి టిక్కెట్టు కొన్నవారిలో ఎక్కువమంది కళ్ళు కిటికీల బయటే ఉంటాయి. "మనుషులు కనబడతారా సార్?" అని బండిలో ఒకరు అడిగారట. ఆరుగురు మిత్రులు వెళ్ళారు, ముగ్గురం ఆగిపోయాం. లంబసింగి రోడ్డు గురించి ముందురోజు రాత్రే మాట్లాడుకున్నాక నాకు ఆ బండి ఎక్కబుద్ధి కాలేదు. వెళ్ళినవారిని తప్పు పట్టను, కాని గూడెం వాళ్ళ గోడు చదివి కళ్ళు తుడుచుకునే మనం జరావాల రోడ్డు మీద కిటికీ సీటు కోసం పోటీ పడడం బాగుండదని నా అభిప్రాయం.

మలబారు మాప్పిళ్ళలను 1921 తరువాత పెద్ద సంఖ్యలో ఇక్కడికి పంపారు. వాళ్ళు దక్షిణ అండమాన్‌లో తాము స్థిరపడ్డ పల్లెలకు వండూరు, మంజేరి, కాలికట్ అని సొంత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. మేం పగడపు దిబ్బలు చూడటానికి పడవ ఎక్కింది ఆ వండూరులోనే. మన్యం వాళ్ళు అలా ఊరు పేరు వదిలి రాలేదు. బతికినవాళ్ళు కొండకు తిరిగి వెళ్ళిపోయారు.

అయితే తెలుగు మాత్రం అక్కడ నిలిచింది, మరో దారిన వచ్చి. స్వాతంత్ర్యం తరువాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బెస్తవారు, కూలీలు ఓడల మీద అండమాన్ చేరారు. విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల మొత్తం జనాభా 3,80,581. వారిలో ప్రతి నూరుమందికి పదముగ్గురు తమ మాతృభాష తెలుగని చెప్పారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం మనదే. హడ్డోలో తెలుగు మాధ్యమంలో ప్రభుత్వ పాఠశాల కూడా ఉన్నది. హైదరాబాదులో మనం తెలుగు మాధ్యమం బడి కోసం వెతకవలసి వస్తున్న రోజులివి!

జంగ్లీఘాట్ చేపల బజారులో మేం తెలుగులో బేరమాడుకుంటుంటే, బుట్ట ముందు కూర్చున్న ఒకావిడ తలెత్తి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నది. హైదరాబాదు దగ్గర రాయదుర్గమని చెప్పాం. "మా తాతలది సోంపేట కాడమ్మా" అని మా చెల్లెలి వరస మిత్రపత్నితో చెప్పి, బేరం మానేసి తూకం మీద రెండు చేపలు ఎక్కువ వేసింది. హోటలు గదిలో వండుకునే వీలు లేదన్నా వినలేదు. ఆవిడ సోంపేట ఎన్నడూ చూడలేదట. మాట మాత్రం అచ్చంగా సిక్కోలు మాటే.

వెళ్ళదలచిన వారికి కొన్ని సూచనలు. అక్కడ తెల్లవారుజామున ఐదింటికే వెలుగు వచ్చేస్తుంది, సాయంత్రం ఐదున్నరకు చీకటి పడుతుంది. గడియారం మనదే, సూర్యుడే ముందుంటాడు. కాబట్టి మాత్రలు వేసుకునే వేళలు గడియారం చూసే పాటించండి. డిసెంబరు నుంచి మార్చి వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. జైలులో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనకు హిందీ ఆటకు టిక్కెట్లు ముందే తీసుకోవాలి. బురుజు మెట్లు ఎక్కగలిగినవారు పాలరాతి ఫలకాల దగ్గర గైడును కాసేపు ఆపి, మన ప్రాంతం పేర్లు చదవమని అడగండి. నలుగురు అడిగితే రేపు అతనే చెప్పడం మొదలుపెడతాడు.

విమానం ఎక్కలేని సభ్యులకు కూడా ఒక దారి ఉన్నది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగితే కోఠీ నడిచిపోయే దూరం. బస్సుల రద్దీ మధ్య 1857 అమరుల స్తూపం ఒకటి ఉన్నది. ఆ పక్క రోడ్డుకే తుర్రెబాజ్ ఖాన్ పేరు పెట్టారు. మౌల్వీ అల్లావుద్దీన్ అండమాన్ ప్రయాణం మొదలయింది అక్కడి నుంచే. ఉదయం పదింటికి ముందే వెళితే ఎండ తగలకుండా చూసి రావచ్చు.